ఆదివారం ఆట: నాన్నలకు ఒక మాట

అందరికీ నమస్కారం. ముఖ్యంగా ఆడపిల్లల నాన్నలు ఇది కాస్త చదవండి.

ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఫిలిప్ మోర్గాన్ బృందం నాన్నల్నీ కూతుళ్లనీ కలిపి ఆడించే కార్యక్రమం ఒకటి చేసింది. వారానికోసారి గంటన్నర, 8 వారాలు. 115 మంది నాన్నలు, 4 నుంచి 12 ఏళ్లలోపు 153 మంది అమ్మాయిలతో చేసిన ఆ పరిశోధన 2019లో అచ్చయింది. ఇద్దరి నడకా పెరిగింది, పిల్లల ఆటనైపుణ్యం బాగుపడింది. బంతి విసరడం, పట్టడం, తన్నడం, నాన్నతో సరదాగా కుస్తీ పట్టడం, అంతే.

మన పిల్లల్ని గమనించండి. బంతి వస్తుంటే కళ్లు మూసుకుని, రెండు చేతులతో గుండెకి అదుముకుంటారు. చేతులు ముందుకు చాపి పట్టమ్మా అని వాళ్లకి ఎవరూ చూపించలేదు. తమ్ముడికైతే నడక రాగానే బ్యాట్ కొనిస్తాం! పిల్లలకి రోజుకి 60 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. స్కూలూ ట్యూషన్లతోనే పొద్దుపోతుంటే అది ఎక్కడ కుదురుతుంది?

అందుకే ఈ ఆదివారం పొద్దున 6 గంటలకి ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం దగ్గర కలుద్దాం. నెల్లూరు ఎండ తెలిసిందే కదా, 7:30కల్లా ముగిద్దాం. షుగర్, బీపీ ఉన్న నాన్నలు మెల్లగా నడిచినా చాలు. ఫోన్లు మాత్రం బండి డిక్కీలోనే ఉంచాలి, ఇది నా గట్టి కోరిక.

ఒక టెన్నిస్ బంతి, నీళ్ల సీసా తెచ్చుకోండి. వచ్చేవాళ్లు పాప వయసు ఇక్కడ రాయండి, జట్లు వేస్తాను.