స్వాతికి విజయనగరం నుంచి అమ్మ

విజయనగరం,
ఆదివారం.

చి. స్వాతికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. పైడితల్లమ్మ పండుగ దగ్గర పడుతోందని ఇల్లంతా కడిగించాము. మీ నాన్నకు మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. వేసవిలో పెట్టిన మాగాయ బాగా ఊరింది, నీకు వేరే జాడీలో ఎత్తిపెట్టాను. నిన్న పద్మ పిన్ని వచ్చి, నువ్వు గోల్ఫ్ కర్రలు అమ్మకానికి పెట్టి ఏదో క్లబ్బులో పిల్లలకు ఆట నేర్పే ఉద్యోగంలో చేరుతున్నావని బాబి చెప్పాడంది. నేను నమ్మలేదు.

అటక దులిపిస్తుంటే నీ తొమ్మిదో ఏట కోయించి పొట్టి చేయించిన ఐరన్ కర్ర దొరికింది. పిడికి చుట్టిన నల్ల టేపు చేతికి ఇంకా అంటుకుంటోంది. వసారాలో నువ్వు బంతిని దొర్లించిన ఇత్తడి గ్లాసు అంచు సొట్టలతోనే ఉంది, మీ నాన్న అందులోనే మజ్జిగ తాగుతారు.

18 రోజులుగా "బాగున్నానమ్మా" అన్న మాట తప్ప నీ నుంచి మరొకటి లేదు. బెంగళూరు పోటీలో ఒక్క స్ట్రోకు, అంటే ఒక్క దెబ్బ ఎక్కువై, తర్వాతి రౌండుకు వెళ్ళే వాళ్ళను తేల్చే కట్ తప్పావని తెలుసు. కట్ తప్పితే మూడో రౌండు ఉండదనీ, పైసా చేతికి రాదనీ, సంచి మోసే కేడీ కూలీ, గది అద్దె, రైలు ఖర్చు మాత్రం మనవేననీ కూడా తెలుసు. వేళకు తింటున్నావా?

2021 ఆగస్టు 7 నీకు గుర్తుండే ఉంటుంది. టోక్యో ఒలింపిక్స్ గోల్ఫ్ చివరి రౌండు చూడాలని తెల్లవారుజామునే లేచి, బంతిని గుంటలోకి దొర్లించే నీ పట్టర్ కర్ర ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నావు. మన దేశం తరఫున ఆడిన అదితి అశోక్ అక్కడికి వెళ్ళేనాటికి ప్రపంచ ర్యాంకుల్లో 200వ స్థానంలో ఉంది. మూడు రౌండ్లు ముగిసేసరికి రెండో స్థానానికి వచ్చింది. ఆమెకు కేడీగా సంచి మోసింది వాళ్ళమ్మ మహేశ్వరి. నేను ఆటకన్నా ఆ తల్లినే ఎక్కువ చూశాను. మధ్యలో ఉరుములతో వాన ముంచుకొచ్చి ఆట ఆపేసినప్పుడు, ఇడ్లీ చల్లారిపోతోందని ఎన్నిసార్లు పిలిచినా నువ్వు కదలలేదు. చివరి హోల్‌లో ఆమె దూరం నుంచి కొట్టిన పట్ గుంటలో పడలేదు. కాంస్యం లిడియా కోకు దక్కింది, అదితి ఒక్క స్ట్రోకు తేడాతో నాలుగో స్థానంలో ఆగిపోయింది. నువ్వు వంటింట్లోకి వచ్చి, గోడ వైపు తిరిగి, పట్టర్ వదలకుండానే ఏడ్చావు. అలాంటి అదితికైనా 2017లో అబూ ధాబీలో గెలిచాక, ఆడవాళ్ళ యూరోపియన్ టూరు పోటీల్లో మళ్ళీ గెలుపు 2023లో కెన్యాలో గాని రాలేదు. ఆ మధ్య సంవత్సరాల్లో ఆమె ఎన్ని రాత్రులు ఇలా మౌనంగా గడిపిందో నేను ఆలోచిస్తూ ఉంటాను.

ఉపన్యాసం ఇవ్వకూడదనే కూర్చున్నాను గాని, ఒక మాట చెప్పక తప్పదు. పిల్లలకు ఆట నేర్పడం చిన్న పని అని నేను ఎన్నడూ అనను. నీకు ఆట మీద మనసు విరిగితే మానేయి, ఇంటికి రా, ఎవరికీ సమాధానం చెప్పనక్కరలేదు. కానీ గజపతినగరం జీడితోట అమ్మిన డబ్బు తలుచుకుని మానేస్తున్నావేమోనని నా భయం. ఆ తోట మీ నాన్నా నేనూ ఇష్టపడి అమ్మినది, నీ మీద వేసిన బాకీ కాదు. శని, ఆదివారాల్లో నాలుగింటికే లేచి నిన్ను విశాఖ బస్సు ఎక్కించిన రోజులను కూడా మేము లెక్క రాసుకోలేదు. కట్ తప్పిన బాధలో ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు గడప మీద కూర్చుని మేజోళ్ళు తీస్తే, పిక్కలు కమిలి నల్లగానూ, పాదాలు పసిపిల్ల పాదాల్లా తెల్లగానూ కనిపించాయి. మడమల పగుళ్ళకు రాత్రిపూట నూనె రాసుకో, టోపీ లేకుండా ఎండలోకి వెళ్ళకు.

బాబి బుధవారం బయలుదేరుతున్నాడు. జాడీ, నూనె సీసా వాడి చేత పంపుతున్నాను. కర్రల సంగతి వాడిని అడగను, నువ్వే చెప్పాలి. రాత్రి ఎంత ఆలస్యమైనా ఫోను చెయ్యి, మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మీ అమ్మ