మైనర్ అంటే దిగులు కాదమ్మా

లైప్‌జిగ్, డిసెంబరు

అమ్మా,

నేను బాగానే ఉన్నాను. ముందే ఈ మాట రాయకపోతే మిగతాదంతా టెన్షన్‌తో చదువుతావు. ఆదివారం పంపిన పియానో ముక్క విని, "అక్క అంత దిగులుగా వాయించిందేంట్రా, ఒంట్లో బాగోలేదా" అని తమ్ముడి చేత రెండుసార్లు అడిగించావట. ఒంట్లో బాగుంది. ఆఫీసు మామూలే. వాయించింది మైనర్ అనే ఇక్కడి స్వరవరసలో, అంతే.

వీళ్ల సంగీతంలో మేజర్, మైనర్ అని రెండు రకాల స్వరవరసలు. ఇక్కడి జర్మన్లు మేజర్‌ని డూర్, మైనర్‌ని మోల్ అంటారు. ఒకటి శ్రుతిలో, అంటే సి మెట్టు నుంచి, తెల్లమెట్లు వరసగా నొక్కితే పలికే మన శంకరాభరణ రాగమే వాళ్ల సి మేజర్. నాన్నగారి హార్మోనియం తీసి స, గ, ప మూడూ ఒకేసారి నొక్కి చూడు. స తర్వాత నాలుగో మెట్టు, నల్లవి కూడా లెక్కేసుకుంటే, అంతర గాంధారం, అంటే పై గ. ఇప్పుడు బొటనవేలు, చిటికెనవేలు కదపకుండా మధ్యవేలు ఒక్కటే కిందనున్న నల్లమెట్టు మీదికి జరుపు. అది సాధారణ గాంధారం, కింది గ. మేజర్ మైనర్ అయిపోయింది. మా పియానో టీచర్ గారు ఈ ఒక్క వేలు జరపడమే నా చేత అరగంట చేయించారు. డెబ్బై దాటిన మనిషి. తప్పు వాయిస్తే నీలాగే ఏమీ అనరు, కళ్లజోడు తీసి తుడుచుకుంటారు.

శంకరాభరణం ధైవతాన్ని (ద) షడ్జం (స) చేసుకుంటే నఠభైరవి రాగం వస్తుందని నువ్వు చెప్పినప్పుడు నాకు పద్నాలుగేళ్లు, ఒక్క ముక్క ఎక్కలేదు. ఇక్కడ అవే తెల్లమెట్ల మీద ఆరు శ్రుతి, అంటే ఎ మెట్టు నుంచి వాయించగానే అర్థమైంది. అదే ఎ మైనర్. అందులో నిషాదాన్ని (ని) ఒక మెట్టు పెంచి కాకలి చేస్తే కీరవాణి రాగం. షడ్జానికి గట్టిగా చేర్చడానికి వాళ్లు నిషాదాన్ని అలా పెంచుకుంటారు.

ఇక దిగులంటావా. ఖరహరప్రియ రాగంలో ఉన్నదీ ఆ సాధారణ గాంధారమే కదా. నువ్వు "చక్కని రాజమార్గము" పాడితే ఎవరైనా దిగులుపడ్డారా? నీలాంబరి రాగానిదేమో అంతర గాంధారం. నాన్నమ్మ అందులో జోల పాడుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగేవి. ఒక్క గాంధారం విని నా మనసు సంగతి తేల్చేయకమ్మా.

నాలుగింటికే చీకటి పడుతోంది, ఆ గంట కష్టంగా ఉంటుంది, అది నిజమే. అందుకే శుక్రవారాలు థామస్ చర్చికి పిల్లల పాట వినడానికి వెళ్తున్నాను. పాశ్చాత్య సంగీతకర్త బాఖ్ 1723 నుంచి 1750లో పోయేదాకా పనిచేసిన చర్చి, సమాధి కూడా లోపలే ఉంది. ఆయన 1722లోనే పన్నెండు శ్రుతుల్లోనూ మేజర్‌కి ఒకటి, మైనర్‌కి ఒకటి చొప్పున, ప్రెలూడ్, ఫ్యూగ్ అనే రెండేసి ముక్కలతో 24 జంటలు రాసి పెట్టుకున్నాడు. రెండో జంట సి మైనర్. మొన్న టీచర్ గారు అందులో మొదటిది, ప్రెలూడ్, వాయించారు. ముక్కంతా మైనర్‌లో పరుగెత్తి పరుగెత్తి, ఆఖర్న అంతర గాంధారం మీద ఆగింది. నాకు ఒళ్లు జలదరించింది. నువ్వైతే రాగంలో లేని అన్యస్వరం అని కోప్పడేదానివేమో.

పచ్చడి సీసా పగలకుండానే చేరింది. నాన్నగారిని మోకాలి మందు మానొద్దని చెప్పు.

వీణకు మేళం కట్టించావా, మెట్లు మళ్లీ మైనంలో అమర్పించావా? కట్టించాక నాకు కీరవాణి ఆలాపన రికార్డు చేసి పంపు. శ్రుతిపెట్టె ఫోను పక్కనే పెట్టకు, పోయినసారి వీణ వినపడనే లేదు.

నీ
పెద్దది