గురుత్వాకర్షణ బలహీనమని చెప్పి ఊరుకుంటే సరిపోదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోటీ పరీక్షల కోసం పత్రికల్లో వచ్చే విద్యార్థుల పేజీల్లో ఒక బిట్టు తరచూ కనిపిస్తుంది: ‘ప్రాథమిక బలాల్లో అత్యంత బలహీనమైనది ఏది?’ జవాబు, గురుత్వాకర్షణ. జవాబు సరైనదే. దానితో పాఠం ముగిసినట్టు చూడటమే నాకు బాధ కలిగిస్తోంది. నల్లగొండలో చాలా ఏళ్లు ఇంటర్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పాను. ఈ జవాబును బట్టీ పట్టిన పిల్లల్లో చాలామంది లోలోపల దాన్ని నమ్మరు. చెట్టు మీది నుంచి జారితే చెయ్యి విరుగుతుంది, సముద్రాలకు ఆటుపోట్లు వస్తాయి, భూమి సూర్యుణ్ణి విడిచి పోదు. ఇన్ని చేసే బలం అన్నిటికంటే బలహీనమైనదంటే ఎలా నమ్ముతారు?

నమ్మాలంటే లెక్క చూపాలి. రెండు ప్రోటాన్లు విద్యుత్ బలంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, గురుత్వాకర్షణతో లాక్కుంటాయి. నెట్టే బలం లాగే బలానికి ఎన్ని రెట్లో చెప్పాలంటే ఒకటి పక్కన 36 సున్నాలు వేయాలి. రెండు బలాలూ దూరం వర్గానికి విలోమంగానే తగ్గుతాయి కనుక ప్రోటాన్లను దగ్గరికి జరిపినా దూరం చేసినా ఈ నిష్పత్తి మారదు. కేంద్రకాన్ని చెదిరిపోకుండా పట్టి ఉంచే ప్రబల బలం విద్యుత్ బలానికి మరో వంద రెట్లు. పేరులోనే దుర్బలమని ఉన్న మరో కేంద్రక బలం కూడా గురుత్వాకర్షణ కంటే ఎన్నో కోట్ల కోట్ల రెట్లు పెద్దది.

ఈ తేడా ఎంతటిదో చూపడానికి మా జిల్లా నీళ్ల కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీటిని బిందెలో పట్టి కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు చేరుతుంది. ఫ్లోరైడ్ ఎన్నాళ్లయినా దిగదు, కింద భూగోళం మొత్తం లాగుతున్నా దిగదు. ఒక్క ఫ్లోరైడ్ అయాన్ బరువు నీటిలోని వేడి కుదుపుల ముందు లెక్కలోకే రాదు. పైగా చుట్టూ ఉన్న నీటి అణువులు విద్యుత్ బలంతో దాన్ని పట్టుకుని ఉంటాయి. తాగిన తర్వాత అది ఎముకల్లో, పళ్లలో పాతుకుపోయేదీ ఆ విద్యుత్ బలంతోనే. ఫ్లోరైడ్‌ను తీసేయడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’లో నీటికి సున్నం, పటిక కలుపుతారు. అప్పుడు పుట్టే అల్యూమినియం హైడ్రాక్సైడ్ మెత్తని తునకలుగా ఏర్పడి, ఫ్లోరైడ్‌ను తనకు అంటించుకుంటుంది. లెక్కలేనన్ని అణువులు అలా ఒక ముద్ద అయ్యాకే గురుత్వాకర్షణకు పట్టు చిక్కి, ముద్ద అడుగున పేరుకుంటుంది. మా ఊరి పేరుతో ఆఫ్రికా దేశాల దాకా వెళ్లిన ఈ పద్ధతిని మా పిల్లలకే భౌతికశాస్త్ర పాఠంగా చెప్పకపోవడం అన్యాయం.

మరి ఇంత బలహీనమైనది గ్రహాలను ఎలా నడుపుతోంది? విద్యుదావేశాల్లో ధన, రుణ అని రెండు రకాలున్నాయి. పెద్ద వస్తువుల్లో అవి దాదాపు చెల్లుకు చెల్లవుతాయి. కేంద్రక బలాలు కేంద్రకం దాటి బయటికి రావు. ద్రవ్యరాశిలో మాత్రం రుణం లేదు. ప్రతి రేణువూ లాగేదే, ఎంత పోగుపడితే లాగుడు అంత పెరుగుతుంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట 124 మీటర్ల ఎత్తున జలాశయపు తోపుడుకు ఎదురు నిలిచేది ప్రధానంగా తన బరువుతోనే. అందుకే ఇంజనీర్లు ఆ తరహా కట్టడాన్ని గ్రావిటీ డ్యాం అంటారు. సాగర్ చూడటానికి వెళ్లిన పిల్లలకు 26 గేట్లని లెక్కపెట్టి చూపిస్తాం. డ్యాం ఎలా నిలబడిందో కూడా అక్కడే చెప్పాలి.

ఇక అసలు ప్రశ్న: ఎందుకింత బలహీనం? ప్రోటాన్లకు బదులు, ఒక్కొక్కటి సుమారు రెండు మైక్రోగ్రాములుండి ఒక్క ప్రోటాన్ ఆవేశమే ఉన్న రెండు రేణువులను ఊహించుకోండి. వాటి మధ్య గురుత్వాకర్షణ, విద్యుత్ వికర్షణ సరిసమానమవుతాయి. అంటే లోపం గురుత్వాకర్షణలో వెతకడం కంటే, ప్రోటాన్లూ ఎలక్ట్రాన్లూ ఎందుకింత తేలికగా ఉన్నాయని అడగడం సబబు. ప్రోటాన్ విషయంలో కొంత జవాబుంది. దాని ద్రవ్యరాశిలో అత్యధిక భాగం లోపలి క్వార్కులను బంధించే ప్రబల బలపు శక్తి నుంచే వస్తోంది. చిక్కంతా, ఎలక్ట్రాన్ వంటి మూలకణాలకు ద్రవ్యరాశి ఎలా వస్తుందో చెప్పే సిద్ధాంతంలోని హిగ్స్ బోసాన్ అనే కణంతో. 2012లో ఐరోపా కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో బయటపడిన ఆ కణం ప్రోటాన్ కంటే సుమారు 133 రెట్లు బరువు. అయినా గురుత్వాకర్షణ మిగతా బలాలకు సమఉజ్జీ అయ్యే ప్లాంక్ ద్రవ్యరాశి దానికి ఒకటి పక్కన 17 సున్నాలు వేసినన్ని రెట్లు పెద్దది. క్వాంటం లెక్కల ప్రకారం హిగ్స్ ద్రవ్యరాశి కూడా ఆ పెద్ద విలువ వైపు ఎగబాకి ఉండాలి. ఎగబాకలేదు. దాన్ని ఏది ఆపుతోందో ఎవరికీ తెలియదు. శాస్త్రవేత్తలు దీన్ని హైరార్కీ సమస్య అంటున్నారు.

జవాబు కోసం చేసిన ప్రయత్నాలు కథల కంటే ఆసక్తికరం. 1998లో నీమా అర్కానీ హమెద్, సవాస్ డిమోపౌలోస్, గియా ద్వాలీ ఒక ప్రతిపాదన చేశారు. పొడవు, వెడల్పు, ఎత్తు కాక మనకు కనిపించని దిశలు ఇంకా ఉన్నాయనీ, గురుత్వాకర్షణ వాటిలోకి కూడా పరుచుకోవడం వల్లే మనకు పలచగా అందుతోందనీ అన్నారు. అది నిజమైతే అతి తక్కువ దూరాల్లో న్యూటన్ సూత్రం తప్పాలి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బృందం 2020లో 52 మైక్రోమీటర్ల దూరం వరకు కొలిచి చూసింది. సూత్రం తప్పలేదు. ఇదే చిక్కుకు మరో జవాబుగా వచ్చిన సూపర్‌సిమెట్రీ సిద్ధాంతం చెప్పిన కొత్త కణాలూ సెర్న్‌లో ఇంతవరకు కనబడలేదు.

ఇంత పెద్ద ప్రశ్నకు బీజం పడే చోటు పాఠ్యపుస్తకమే. 2022లో పాఠ్యాంశాల కుదింపు పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి భౌతికశాస్త్రం నుంచి ‘భౌతిక ప్రపంచం’ అధ్యాయాన్ని తీసేసింది. నాలుగు బలాలనూ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి చూపింది ఆ అధ్యాయమే. భారం తగ్గించాలన్న ఆలోచనను నేను కాదనను. అయితే ఆ కొద్ది పేజీలు పిల్లలకు భారం కాదు, తర్వాత వచ్చే అధ్యాయాలన్నీ ఎందుకు చదవాలో చెప్పే పేజీలవి. మన ఇంటర్ మొదటి సంవత్సరంలో ఏళ్ల తరబడి ‘ప్రకృతిలోని ప్రాథమిక బలాలు ఏవి?’ అనే రెండు మార్కుల ప్రశ్న ఉండేది. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు రాసేవారు ఆ పాఠాన్ని వదులుకోకుండా, బలాల పేర్ల దగ్గర ఆపకుండా, శాస్త్రానికే ఇంకా జవాబు దొరకని భాగాన్ని కూడా తెలుగులో రాయాలని నా విన్నపం. ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవానికి బడుల్లో పెట్టే ప్రదర్శనల్లో నమూనాల పక్కన ఇలాంటి తెగని ప్రశ్నలకు ఒక బల్ల కేటాయించవచ్చు.

మీ విద్యార్థుల పేజీకి కూడా ఇదే మనవి. ఆ బిట్టు మళ్లీ వేసినప్పుడు జవాబు దిగువన ‘ఎందుకు?’ అని చేర్చి, నాలుగు వాక్యాలకు చోటివ్వండి. రాసి పంపగల అధ్యాపకులు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలామందే ఉన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
నల్లగొండ