అట్టపెట్టె వెనక్కి తిప్పి చూడు

బెంగళూరు,
ఆదివారం.

ప్రియమైన సుధాకర్,

చిన్నవాడికి పొద్దున్నే ఏ సీరియల్ (అదే, పాలల్లో వేసుకు తినే ఫ్లేక్స్ లాంటివి) పెట్టాలి, నాన్నగారికి షుగర్ బయటపడ్డాక ఓట్స్ మంచివా రాగిజావ మంచిదా అని అడిగావు. ఫోనులో రెండు ముక్కల్లో తేల్చేస్తే నీకు తృప్తి ఉండదు, ఇంకో పది ప్రశ్నలు వేస్తావు. అందుకే ఈ ఉత్తరం. నువ్వు పంపిన ఫోటోలో పెట్టె ముందువైపే కనిపిస్తోంది. ముందువైపుది పెళ్లిచూపుల ముస్తాబురా, జాతకమంతా వెనకవైపు ఉంటుంది.

నిన్న మా వీధి చివరి సూపర్ మార్కెట్లో ఆ వరస ముందు నిలబడి ఒక్కొక్క పెట్టే తిప్పి చదివాను. మీ చెల్లెలు చూసి చూసి విసిగిపోయి, కూరగాయలు కొనేసి బిల్లు కట్టేసి ఆటో కూడా పిలిచేసింది.

అన్నిటికన్నా ముందు పోషకాల పట్టికలో 100 గ్రాముల లెక్క చూడు. పక్కనే 'ఒకసారి వడ్డనకు' అని ఇంకో లెక్క ఉంటుంది, దాన్ని వదిలేయి. ఆ వడ్డన సాధారణంగా 30 గ్రాములు. ముప్ఫై గ్రాములంటే ఎంతో తూచి చూడు, గిన్నె అడుగు కప్పుకుంటుంది, అంతే. మా అమ్మాయి తన చేత్తో పోసుకున్న గిన్నె తూస్తే 58 గ్రాములు తూగింది. అది చాక్లెట్ రకం. 100 గ్రాములకు 30 గ్రాముల దరిదాపుల్లో చక్కెర. అంటే బడికి వెళ్లకముందే పిల్ల నాలుగు చెంచాల పైచిలుకు పంచదార తినేసింది. పాలల్లో వేసే పొడి సంగతి వేరే. రోజుకు 2000 కిలోకేలరీలు తినే పెద్దవాళ్లకే కలిపిన చక్కెర 50 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, 25 లోపు ఉంటే మరీ మంచిదట. చిన్నపిల్లలకు ఇంకా తక్కువ అని వేరే చెప్పాలా?

తర్వాత పదార్థాల జాబితా. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలన్నది నియమం. ఇక్కడో కిటుకు ఉంది. చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్, తేనె, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అని తీపిని నాలుగు పేర్లుగా విడగొడితే ఏ ఒక్కటీ పైకి రాదు. అన్నీ కలిపితే మాత్రం రెండో స్థానం ఖాయం. నాకు ఒళ్లు మండింది ఒక 'రాగి' ఫ్లేక్స్ పెట్టె చూసి. ముందంతా రాగి కంకుల బొమ్మలే. వెనక మొదటి పేరు మొక్కజొన్న, రెండోది చక్కెర, రాగిపిండి 9 శాతం! బొమ్మ వేసి గొప్పగా చెప్పుకున్న పదార్థం ఎంత శాతమో రాయాలనే నిబంధన ఉంది కాబట్టి ఆ మాత్రమైనా తెలిసింది.

మామూలు కార్న్‌ఫ్లేక్స్ అంత దుర్మార్గం కాదులే. 100 గ్రాముల్లో చక్కెర 10 గ్రాములకు అటూ ఇటూ, ప్రొటీన్ 7, పీచు 3 ఉంటాయి. కానీ రక్తంలో చక్కెరను పెంచే వేగంలో తెల్లన్నానికి ఏమాత్రం తీసిపోదు. పెట్టె మీద 'పాలతో కలిపి ఇంత ప్రొటీన్' అని రాస్తారు చూడు, అందులో సింహభాగం మీ పాలవాడిది! 30 గ్రాముల ఫ్లేక్స్ ఇచ్చేది రెండు గ్రాములు, 150 మిల్లీలీటర్ల పాలు ఇచ్చేది ఐదు. విటమిన్లు, ఇనుము తర్వాత కలిపినవి. కొన్ని రకాల్లో ఇనుమును సన్నని పొడిగానే కలుపుతారు. ఫ్లేక్స్‌ను మెత్తగా నలిపి నీళ్లలో వేసి అయస్కాంతం తిప్పితే నల్లటి నలుసులు అంటుకుంటాయి. మీవాడికి చేసి చూపించు, సరదాపడతాడు. అది మోసమేమీ కాదు, ఒంటికి పట్టే ఇనుమే. 1994లో కెలాగ్స్ మన దేశానికి వచ్చినప్పుడు జనం అలవాటు కొద్దీ వేడిపాలు పోశారు, కరకరలాడాల్సినవి కాస్తా ముద్దయి కూర్చున్నాయి. మా ఇంట్లో ఇప్పటికీ వేడిపాలే, ఆ ముద్దే మాకిష్టం.

ఇక అసలు రాగి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగిలో కాల్షియం 364 మిల్లీగ్రాములు, పీచు 11 గ్రాములు. తెల్లబియ్యంలో కాల్షియం ఏడెనిమిది మిల్లీగ్రాములే. అయితే ప్రొటీన్ మాత్రం 7 గ్రాములు, అంటే కార్న్‌ఫ్లేక్స్ అంతే! రాగి తింటే కండపడుతుందని మన పెద్దమ్మలు చెప్పేది పూర్తిగా నమ్మకు. ఎముకలకు సరే, ప్రొటీన్‌కు పప్పో పాలో తోడుండాలి.

మా ఇంట్లో వంట చేసే ఆవిడది కోలారు దగ్గర పల్లె, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఊరికి వెళ్లినప్పుడల్లా రాగి పేలపిండి తెస్తుంది, ఇక్కడివాళ్ల హురిహిట్టు. రాగులను తడిపి రాత్రంతా మూతపెట్టి ఉంచి, పొద్దున్న బాగా కాలిన ఇసుకలో వేయిస్తే టపటపా పేలి తెల్లటి పువ్వుల్లా విచ్చుకుంటాయట. జల్లించి మరపట్టిస్తే సరి. డబ్బా మూత తీయగానే వేయించిన వాసన గుప్పుమంటుంది. రెండు చెంచాలు గిన్నెలో వేసి, చల్లటి పాలు, తురిమిన బెల్లం కలిపితే నిమిషంలో ఫలహారం, పొయ్యి వెలిగించే పని లేదు. తొలి ఏకాదశికి మన ఇళ్లలో పేలపిండి ఏటా ఒక్కరోజు తిని ఊరుకుంటాం గానీ, రోజూ తినదగ్గ సీరియల్ అదే కదా! ఈ రాష్ట్రంలో రాగికి ఇంత పేరు రావడంలో శాస్త్రవేత్త లక్ష్మణయ్య గారి చెయ్యి ఉంది. మండ్యలో ఉండి, మన రాగిని ఆఫ్రికా రాగితో సంకరం చేసి ఇండాఫ్ రకాలు తీసింది ఆయనే.

అటుకులను చిన్నచూపు చూడకు. అవీ ఫ్లేక్సే: ప్రొటీన్ 7, పీచు మూడున్నర, చక్కెర కలపనే కలపరు. వేరుశనగ గుళ్లు వేసి పోపు పెట్టి నిమ్మకాయ పిండితే ఆ పులుపులోని సి విటమిన్ వల్ల ఇనుము ఇంకాస్త బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే మాత్రం ఆ లాభం కాస్తా పోతుంది. ఇది చెల్లెమ్మకు కాదు, నీకు చెబుతున్నాను.

ఓట్స్‌లో ప్రొటీన్ 12 గ్రాములకు పైన, పీచు 10. అందులో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు రోజుకు 3 గ్రాములు అందితే కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుంది, దానివల్ల గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని 1997లో అమెరికా ప్రభుత్వం పెట్టెల మీద రాసుకోనిచ్చింది. నాన్నగారికి మంచివే, కానీ మసాలా పొట్లాలు వద్దు, వాటిలో ఉప్పు ఎక్కువ. లావుపాటి గింజవే కొను, చిటికెలో ఉడికేవి అంతే త్వరగా అరిగి చక్కెరను పెంచుతాయి. రాగిజావతోనూ అదే చిక్కు. సన్నటి పిండిని పల్చగా కాచి తాగితే చక్కెర పెరగడం ఆగదు. ఆయనకు రాగిరొట్టె, పక్కన గట్టి పప్పు పెట్టండి. ఇంకా నన్నడిగితే పెసరట్టు. పొట్టు పెసలలో ప్రొటీన్ 22 గ్రాములు, పీచు 17. నేను చూసిన అట్టపెట్టెల్లో ఏదీ దాని దరిదాపులకు రాదు. ఉప్మా పెసరట్టు మాత్రం వద్దు, ఆ ఉప్మా నువ్వు తినేసేయి. ఏది పడుతుందో ఒక్కొక్కరికి ఒక్కో రకం కాబట్టి తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసి రాసుకోమను, డాక్టరుగారికీ పనికొస్తుంది.

చిన్నవాడు చాక్లెట్ రకమే కావాలని మారాం చేస్తే ఆదివారానికి పరిమితం చేయి, మిగతా రోజులు మామూలు ఫ్లేక్స్‌లో అరటిపండు ముక్కలు వేయి. దసరాకు వస్తున్నారా లేదా ఖాయం చేసి చెప్పు, టిక్కెట్లు దొరకడం కష్టం. అమ్మగారికి నమస్కారాలు.

నీ
రమణ