2024–25 వార్షిక నివేదిక: పాత్రకున్న మాట నేర్పు, ఆటగాడి నటన

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

నల్లగొండలో మన టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల (బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో కల్పిత పాత్రను ఆడుతూ, పాచికలు వేస్తూ కథ నడిపే ఆటల) సంఘం 2024–25లో చేసిన పనుల నివేదికను కార్యవర్గం తరఫున సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. గడియారం సెంటర్‌కు దగ్గరలో ఉన్న మన గదిలో ఆదివారం ఆటలు, పరీక్షల కాలం మినహా, ఏడాది పొడవునా సాగాయి. మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్ వైపుల నుంచి కొత్త సభ్యులు చేరారు. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. కార్యవర్గం ఈ ఏడాది అన్నిటికన్నా ఎక్కువగా చర్చించిన విషయం ఒకటి ఉంది. నివేదికలో మిగిలిన భాగమంతా దానికే కేటాయిస్తున్నాను.

ఆటలో ఎవరినైనా ఒప్పించవలసి వచ్చినప్పుడు, పాత్ర శక్తులను అంకెల్లో రాసుకునే షీటు మీద ఉన్న మాట నేర్పును లెక్కలోకి తీసుకోవాలా, ఆ పాత్రను ఆడే మనిషి నటనను చూడాలా అన్నదే ఆ విషయం. గోడ ఎక్కడం, తాళం తీయడం, కత్తి దూయడం టేబుల్ దగ్గర ఎవరూ చేసి చూపలేరు కనుక పాచిక వేసి తేల్చుకుంటాం. మాట్లాడటాన్ని మాత్రం కూర్చున్న చోటనే చేసి చూపవచ్చు. చిక్కంతా అక్కడే పుడుతోంది. చిందు యక్షగానం, ఒగ్గుకథ చూస్తూ పెరిగిన ప్రాంతం మనది; గొంతు మార్చి, అభినయం కలిపి చెప్పేవారంటే మనకు సహజంగానే మక్కువ ఎక్కువ. ఆ మక్కువ వల్ల, బాగా మాట్లాడే సభ్యులు ఏ పాత్ర ఆడినా పని జరిగిపోవడం, నెమ్మదస్తులైన సభ్యులు ఎంతటి మాటకారి పాత్రను తయారుచేసుకున్నా గడప దగ్గరే ఆగిపోవడం కొన్ని టేబుళ్ల దగ్గర అలవాటుగా మారింది.

వానాకాలంలో జరిగిన ఒక ఆట గురించి ఇక్కడ వివరంగా చెప్పాలి. రాచకొండను తలపించే ఒక కోట. పొద్దుగూకాక మూసిన తలుపు. ఎవరినీ లోపలికి వదలవద్దని ఆజ్ఞ ఉన్న కావలివాడు. డిగ్రీ చదువుతున్న ఒక సభ్యురాలు ఉప్పు వర్తకురాలి పాత్ర ఆడుతున్నారు. ఆ పాత్ర చరిష్మా, అంటే ఎదుటివారిని ఆకట్టుకునే శక్తికి ఇచ్చే అంకె, 16; ఒప్పించే నైపుణ్యంలో ప్రావీణ్యం కూడా ఉంది. అంటే పాచిక మీద పడ్డ అంకెకు 5 కలుస్తుంది. ఆమె తల వంచుకునే, "వానకు ఉప్పు కరిగిపోతే రేపు కోటల వంటకు ఉప్పుండదు, ఆ మాట నీ మీదికే వస్తదని చెప్తనన్నా" అన్నారు. "చెప్తనంటె కాదు, ఆయనతోటి మాట్లాడినట్టు మాట్లాడు" అని ఆటను నడిపే గేమ్ మాస్టర్ అనేసరికి ఆమెకు మాట పెగల్లేదు. కూలికి కత్తి పట్టే మోటు సిపాయి పాత్రను నాటకానుభవం ఉన్న మరొక సభ్యుడు ఆడుతున్నారు. ఆ పాత్ర చరిష్మా 8. ఆయన లేచి నిలబడి, కావలివాడి కన్నతల్లినీ ఊరి మైసమ్మనూ తలచుకుంటూ అందరి మనసూ కరిగేలా మాట్లాడారు. పాచిక వేయకుండానే తలుపు తెరుచుకుంది.

ఆ రోజు ఆయనకు దక్కిన చప్పట్లు న్యాయమైనవే. తలుపు తెరుచుకోవడం మాత్రం న్యాయం కాదని కార్యవర్గం అభిప్రాయం. పాచిక మీది అంకె, పాత్రకు కలిసే అంకె రెండూ కలిపి కనీసం 15 రావలసిన చోట వర్తకురాలికి ఇరవై ముఖాల పాచిక మీద 10 పడితే చాలు, అంటే నూటికి 55 పాళ్లు అవకాశం. చరిష్మా 8 ఉంటే 1 తగ్గుతుంది కనుక సిపాయికి 16 పడాలి, అంటే 25 పాళ్లే. ఆయన తక్కువ అంకెను చరిష్మాకు ఇచ్చి ఎక్కువ అంకెను బలానికి పెట్టుకున్నారు, పోరాటంలో ఆ లాభం పూర్తిగా పొందారు; మాటల దగ్గరికి వచ్చేసరికి ఆ లోటు ఆయనకు తగలనే లేదు. ఆమె మాత్రం తన పాత్ర బలాన్ని తగ్గించుకుని కొనుక్కున్న నేర్పును ఒక్కసారి కూడా వాడుకోలేకపోయారు.

ఈ ప్రశ్న మనతో మొదలైంది కాదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఈ తరహా ఆటను తెచ్చినప్పుడు చరిష్మా ప్రధానంగా ఎందరు అనుచరులను పెట్టుకోవచ్చు, వారి విధేయత ఎంత అన్నది నిర్ణయించేది. ఎదురుపడినవారు ఎలా స్పందిస్తారో రెండు ఆరు ముఖాల పాచికలు చెప్పేవి. మిగిలిన సంభాషణంతా ఆటగాడి నోటి మీదే నడిచేది. 2000లో వచ్చిన ఆ ఆట మూడో కూర్పు డిప్లొమసీ (రాయబారం), బ్లఫ్ (బుకాయింపు), ఇంటిమిడేట్ (బెదిరింపు) అనే నైపుణ్యాలను పెట్టి మాటను కూడా అంకెల్లోకి తెచ్చింది. అయితే ఎదుటివాడు ఎవరు, అడుగుతున్నది ఏమిటి అన్నదానితో సంబంధం లేకుండా శత్రువును మిత్రుడిగా మార్చడానికి స్థిరమైన అంకెలు పెట్టడంతో, లెక్క తెలిసిన ఆటగాడు ఆరు క్షణాల్లో రాజునైనా లొంగదీయవచ్చన్న విమర్శ వచ్చింది. 2014 నాటి ఐదో కూర్పు గేమ్ మాస్టర్ గ్రంథం మధ్యేమార్గం చూపింది: ముందు ఎదుటివాడి వైఖరి స్నేహమా, తటస్థమా, వైరమా అని తేల్చుకోవాలి; సంభాషణలో అతని మనసుకు తగిలే మాట పడితే ఆ వైఖరి కొంత మారవచ్చు; చివరికి పాత్ర చరిష్మాతో పాచిక వేయాలి. అదే కూర్పు, పాత్ర గొంతుతో మాట్లాడటాన్నీ, పాత్ర ఏం చెబుతుందో వివరించడాన్నీ రెండింటినీ ఆడే పద్ధతులుగానే గుర్తించింది. బర్నింగ్ వీల్ అనే మరో ఆటలోని వాదపోరు (వాదాన్ని పోరాటంలా పాచికలతో తేల్చే పద్ధతి) మనకు ఇంకా నచ్చింది, ఎందుకంటే అందులో గెలిచినవాడు కూడా వాదంలో కోల్పోయినదాన్ని బట్టి ఎదుటివారికి కొంత ఒప్పుకోవలసి వస్తుంది. ఊళ్లో పంచాయితీలు చూసినవారికి అది కొత్తగా అనిపించదు.

వీటన్నిటినీ పరిశీలించాక కార్యవర్గం ఒక పద్ధతిని దసరా తర్వాత అన్ని టేబుళ్ల దగ్గరా అమలులోకి తెచ్చింది. ఎవరిని ఒప్పించాలి, ఏం కావాలి, ఏ ఆధారంతో ఒప్పిస్తున్నారు అన్న మూడింటినీ ఆటగాడు చెప్పాలి; ఎలా చెప్పినా, ఒక్క వాక్యంలో చెప్పినా సరే. "ఒప్పిస్తాను" అని ఊరకే అని పాచిక అందుకోవడం చెల్లదు. ఆ ఆధారం ఎదుటివాడికి ఎంత తగులుతుందో చూసి గేమ్ మాస్టర్ చేరవలసిన అంకెను పెంచుతారు లేదా తగ్గిస్తారు. గొంతు, హావభావాలు, భాష ఆ అంకెను ప్రభావితం చేయకూడదు. ఆ తర్వాతే పాచిక, పాచిక తర్వాతే నటన. ఫలితం ముందే తెలిసినప్పుడు నటుడికి చేతినిండా పని ఉంటుందని, ఓడిపోయిన మాటను నటించడంలో ఇంకా ఎక్కువ రసం ఉందని ఆ నాటక సభ్యుడే తర్వాతి ఆటల్లో నిరూపించారు. ఆయన సిపాయి ఒక పల్లె పెద్దను బతిమాలబోయి అనుకోకుండా తిట్టేసిన ఘట్టం ఈ ఏడాది ఆటల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది. మంచి నటనకు ప్రతిఫలం లేకుండా పోలేదు: ఐదో కూర్పులోని ఇన్‌స్పిరేషన్‌ను ఇస్తున్నాం, దానితో ఆటగాడు తనకు నచ్చిన చోట రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. 25 పాళ్ల అవకాశం అప్పుడు దాదాపు 44 అవుతుంది. అది తక్కువేమీ కాదు.

భాష గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నియమ గ్రంథాలు ఇంగ్లీషులో ఉండటం వల్ల, రాజసభలో మాట్లాడే పాత్రకు ఇంగ్లీషో, పుస్తకాల తెలుగో రావాలన్న సంకోచం పల్లెల నుంచి వచ్చిన సభ్యుల్లో కనిపించింది. ఇంట్లో మాట్లాడే మాటతోనే మంత్రి పాత్రను ఆడవచ్చు. ఆ మంత్రి వాక్చాతుర్యం షీటు మీద ఉన్న అంకెలో ఉంది. మాట తడబడే సభ్యులకూ ఇదే వర్తిస్తుంది. వారు చెప్పేది పూర్తయ్యేదాకా ఎవరూ అందుకోకూడదని, వారి బదులు వాక్యం పూర్తి చేయకూడదని అన్ని టేబుళ్ల గేమ్ మాస్టర్లకూ చెప్పాం.

నటనను ఇలా పాచిక వెనక్కి నెట్టడం వల్ల ఆట చప్పబడుతుందని కొందరు పాత సభ్యులు ఆక్షేపించారు. అభ్యంతరం నిజాయితీతో కూడినదే. అయినా సుదీర్ఘ ప్రసంగాలు తగ్గడంతో ప్రతి ఒక్కరి వంతూ రావడం, దేవరకొండ సభ్యులు బస్సు వేళకు ముందే తమ ఘట్టం ముగించుకుని వెళ్లగలగడం కార్యవర్గం గమనించింది.

ఒక సభ్యుడి పాత్ర మరొక సభ్యుడి పాత్రను ఒప్పించాలనుకున్నప్పుడు పాచిక వాడాలా అన్నది ఇంకా తేలలేదు. వాడకూడదని, తన పాత్ర ఏం నమ్ముతుందో చెప్పే హక్కు ఆ ఆటగాడిదేనని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఈ ప్రతిపాదన మీద ఓటింగు ఈ సమావేశంలోనే జరుగుతుంది. సవరణలు ఉన్నవారు చర్చ మొదలయ్యేలోపు రాతపూర్వకంగా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

కార్యదర్శి