పేపరుకు పది పాయింట్లు

సంపాదకులకు నమస్కారం.

31 ఏళ్లు డిగ్రీ కాలేజీల్లో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. అధ్యాపకుల ప్రమోషన్ కమిటీలకు సబ్జెక్టు ఎక్స్‌పర్టుగా ఇప్పటికీ అప్పుడప్పుడు పిలుస్తుంటారు. ఆ మధ్య ఒక మధ్యాహ్నం 11 ఫైళ్లు మా ముందు పెట్టారు. సాయంత్రం 5 గంటలకల్లా సంతకాలు అయిపోవాలి. అక్కడ మేం చేసేది వ్యాసాలు లెక్కపెట్టడం. భాషలు, సామాజిక శాస్త్రాల్లో పేపరుకు 10 పాయింట్లు, సైన్సులో 8. ఇది యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 నిబంధనల లెక్క. చదవమని ఎవరూ అడగరు, చదివే టైమూ ఉండదు. అలా చదవకుండా నేనూ చాలా ఫైళ్లు దాటించాను. ఆ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను.

ఆ రోజు టీ రావడం ఆలస్యమైంది. ఊరికే కూర్చోలేక ఒక ఫైలు తెరిచాను. జముకు అనే వాద్యం వాయిస్తూ చెప్పే జముకుల కథ మీద వ్యాసం. మా ఉత్తరాంధ్ర కళ కదా అని ఆశగా పేజీ తిప్పితే అందులో తెలుగే లేదు! నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్య మధ్య డాలరు గుర్తులు. ఆరు పేజీలూ అంతే. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ని, ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చకుండా అలాగే అతికించేశారన్నమాట. డీటీపీ షాపులో పనిచేసే కుర్రాడైనా చూడగానే పట్టేసే తప్పు. వెనక మాత్రం బంగారు అంచు సర్టిఫికెట్టు: అంతర్జాతీయ పత్రిక, ఇద్దరు నిపుణులు సమీక్షించారు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పత్రికలోని వ్యాసాలను ఇతరులు సగటున ఎంత ఉటంకిస్తున్నారో చెప్పే అంకె) ఇంత.

ఆ వ్యాసం రాసిన అధ్యాపకుడు లోపలికి వచ్చాక అడిగాను. తల దించుకున్నాడు. "1,500 ఫోన్లో కట్టాను మేడమ్. మూడో రోజుకే వేసేశారు. ఎలాగూ ఎవరూ చదవరు కదా అని నేనూ తెరిచి చూసుకోలేదు" అన్నాడు. అదే వ్యాసం అంతకుముందు ఒక చిన్న సాహిత్య పత్రికలో శుభ్రంగా అచ్చయిందట. దానికి ఐఎస్ఎస్ఎన్ (పత్రికలకిచ్చే గుర్తింపు సంఖ్య) లేదు కాబట్టి సున్నా. ఒకే వ్యాసం రెండుచోట్ల వేయించడం తప్పే. ఆ తప్పు ఆయన చేత చేయించింది మా లెక్కే. నేను అభ్యంతరం రాస్తానంటే పక్కాయన "రూలు ప్రకారం కాగితాలన్నీ ఉన్నాయి కదండీ" అన్నారు. 10 పాయింట్లు పడ్డాయి.

యూజీసీ 2018లో 4,305 పత్రికలను తన ఆమోదిత పత్రికల జాబితా నుంచి తీసేసింది. 2019లో నాణ్యమైన పత్రికలివీ అంటూ ‘కేర్’ జాబితా తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసి, ఏది మంచి పత్రికో మీరే తేల్చుకోండని కాలేజీలకు, యూనివర్సిటీలకు వదిలేసింది. ఇక డబ్బు తీసుకుని ఏదైనా వేసేసే దొంగ పత్రికలకు పండగేనని మిత్రులు గోలపెడుతున్నారు. నాకు అంత బెంగ లేదు. జాబితా ఉన్న రోజుల్లోనూ అసలు పత్రికల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి డబ్బు గుంజినవాళ్లున్నారు. పత్రిక పేరు చూసి మనిషికి మార్కులు వేయకండి, అతను రాసింది చూడండని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పురుడు పోసుకున్న ‘డోరా’ ప్రకటన ఎప్పుడో చెప్పింది. పరిశోధనను అంకెలతో ఎలా కొలవాలో చెప్పే 2015 నాటి లైడెన్ మేనిఫెస్టోలోని 10 సూత్రాల్లో ఒకటి, స్థానికంగా పనికొచ్చే పరిశోధనను కాపాడుకోమంటుంది. జముకుల కథ మీద వ్యాసానికి శ్రీకాకుళం, విజయనగరం వైపు కాక ఇంకెక్కడ పాఠకులుంటారు? కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో పెట్టిన ‘భారతి’ సాహిత్య పత్రికలో రాసిన పండితులు ఈ లెక్కన జీవితాంతం లెక్చరర్లుగానే ఉండిపోయేవారు!

‘ఒకే దేశం, ఒకే చందా’ కింద కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తోంది. సైన్సు పిల్లలకు మంచిదే. కానీ నాలాంటి రిటైరైనవాళ్లకు, సెలవు రోజుల్లో శాసనాలు వెతుక్కుంటూ తిరిగే బడిపంతులుకు ఆ తలుపు తెరుచుకోదు. మన యూనివర్సిటీల థీసిస్‌లుండే ‘శోధ్‌గంగ’ వెబ్‌సైట్లో అవి ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి, సంతోషం. అయితే నేను తెరిచిన తెలుగు థీసిస్‌లు చాలావరకు స్కాన్ చేసిన బొమ్మలే. ‘జముకు’ అని కొట్టి వెతికితే ఒక్క ముక్క రాదు.

కాబట్టి మన రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లను అడుగుతున్నాను. ప్రమోషన్‌కు వచ్చేవాళ్లు తమకు నచ్చిన మూడు వ్యాసాలను యూనికోడ్ తెలుగులో, అందరూ చదువుకునేలా కాలేజీ వెబ్‌సైట్లో పెట్టాలి. వారం ముందు మాకు పంపాలి. ఒక్కో దాని మీద మేం అర పేజీ అభిప్రాయం రాసి సంతకం చేయాలి. 11 ఫైళ్లు ఒక్క పూటలో తెమలవు, నిజమే. రెండు రోజులు పిలవండి. ఒకరోజు టీఏ డీఏ వదులుకోవడానికి నేను సిద్ధం.

తర్వాత ఆ అధ్యాపకుడి దగ్గర సాహిత్య పత్రిక కాపీ తెప్పించుకుని చదివాను. కథ చెప్పే ముసలామె మాటల్ని యాసతో సహా దించాడు, బాగుంది. కానీ మన జముకు, తెలంగాణ బైండ్లవాళ్ల జమిడిక ఒకటేనని ఒక్క ఉదాహరణైనా చూపకుండా తేల్చేశాడు. ఒప్పుకోనని రాసి పంపాను. రాత్రి 9 గంటలకు ఫోన్ చేశాడు. గంటసేపు దెబ్బలాడుకున్నాం. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు,
విజయనగరం