నాన్న ఆపరేషన్‌కు ముందు తమ్ముడికి

బోస్టన్

ప్రియమైన తమ్ముడికి,

నాన్న తుంటి మార్పిడి ఆపరేషన్‌కు రోజు కుదిరిందని అమ్మ చెప్పింది. ఎముక సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ఆయన మతి ఎలా ఉందో చూడవలసినవాడివి నువ్వే. పెద్ద వయసులో ఇలాంటి ఆపరేషన్ తరువాత డెలీరియం రావడం అరుదు కాదు. ఉన్నట్టుండి మాట తడబడుతుంది, మనుషులను పోల్చుకోలేరు, పొద్దున బాగుండి సాయంత్రానికి మారిపోతారు.

నేను నర్సుగా పనిచేసే వార్డులో దీన్ని రోజూ కొలుస్తాం. షారన్ ఇనౌయే అనే వైద్యురాలి బృందం 1990లో ప్రచురించిన పద్ధతిలో నాలుగు లక్షణాలు చూస్తారు: హఠాత్తుగా వచ్చి హెచ్చుతగ్గులయ్యే మార్పు, ధ్యాస నిలవకపోవడం, పొంతన లేని మాటలు, మెలకువలో తేడా. ఆ పద్ధతి డెలీరియం ఉందా లేదా అన్నది మాత్రమే తేలుస్తుంది. ఎంత తీవ్రమో చెప్పే కొలత 2014లో వచ్చింది. మొదటి లక్షణానికి ఒక మార్కు, మిగతా మూడింటికి రెండేసి, మొత్తం 7. నిన్న 2 ఉన్నది ఇవాళ 5 అయితే ఇన్‌ఫెక్షనా, మూత్రం ఆగిందా, కొత్త మందు పడలేదా అని వెంటనే వెతుకుతాం.

అరిచేవాళ్లను అందరూ గమనిస్తారు. గోడవైపు తిరిగి, పిలిస్తే ఎప్పటికో ‘ఊఁ’ అనేవాళ్లను మాత్రం హాయిగా నిద్రపోతున్నారనుకుని వదిలేస్తారు. నాకు వాళ్ల గురించే ఎక్కువ భయం. నాన్న అసలే నెమ్మదస్తుడు. ఆయన మౌనాన్ని వట్టి నీరసం అనుకోకు.

మార్కులు వేయడానికి శిక్షణ కావాలి, అది నీ పని కాదు. కానీ ఆయన మామూలుగా ఎలా ఉంటారో ఆసుపత్రివాళ్లకు తెలియదు, నీకు తెలుసు. తెలుగు నెలలు ఆయనకు కంఠతా వచ్చు కదా, ధ్యాస ఎలా నిలుస్తుందో తెలియడానికి ఆపరేషన్‌కు ముందే ఫాల్గుణం నుంచి వెనక్కి చెప్పించు. తరువాత రోజూ పొద్దున, సాయంత్రం అదే అడుగు. మాఘం, పుష్యం దాటాక దారి తప్పితే, మధ్యలో నిద్రలోకి జారితే, కాగితం మీద వేళతో సహా రాసి డాక్టర్‌కు చూపించు. ‘వయసు కదా’ అంటే ఊరుకోకు. ‘నిన్న ఇలా లేరు’ అని గట్టిగా చెప్పు.

కళ్లజోడు, వినికిడి యంత్రం దగ్గరే ఉంచు. డాక్టర్ ఒప్పుకోగానే లేపి నడిపించు, రాత్రి లైట్లు తగ్గించమను. ఇంట్లో వేసుకునే నిద్రమాత్ర సంగతి మత్తు డాక్టర్‌కు ముందే చెప్పు. కంగారుపడి లేవబోతే మంచానికి కట్టనివ్వకు, నువ్వు పక్కన కూర్చో.

రోజూ ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు. ఇక్కడ అర్ధరాత్రయినా ఫోను చెయ్యి.

నీ అక్క